సిమ్ము లేని పలక

టాబ్లెట్టు అనగానే మన పల్లెలలోని పెద్దలకు మందుబిళ్ల తలపునకు వచ్చును. నేను ముచ్చటింపబోవునది ఆ బిళ్లను గూర్చి కాదు. బడిపిల్లవాని పలకంత వెడల్పు గలిగి, అంతకంటె పలుచనై, ఒక వైపంతయు గాజుతెరగా నుండి, వ్రేలితో తాకినంతనే బొమ్మలను, అక్షరములను చూపి మాటలను వినిపించు యంత్రమును గూర్చి. ఇంగ్లీషువారు దానికి పెట్టిన పేరునకును మొదట పలక యనియే అర్థము. మన పిల్లలు 'ట్యాబు' అని పొట్టిగా పిలుచుచున్నారు. ఈ ప్రసంగములో నేను దానిని పలక యనియే చెప్పెదను. మీరు ఓనమాలు దిద్దిన పలకతో దానిని కలిపివేయరని నా నమ్మకము.

ఈ పలకలు ఇపుడు పల్లెలకును చేరుచున్నవి. పట్టణమున ఉద్యోగము చేయు కొడుకో, కూతురో, తమ్ముడో పండుగకు వచ్చునపుడు కొత్తబట్టలతోపాటు ఒక పలకను గూడ తెచ్చుట వాడుక యగుచున్నది. చూపు మందగించిన పెద్దలకు చేతిఫోను తెర చాలదు. పలకమీద నైనచో అక్షరమును వేరుసెనగ గింజంత చేసికొని చదువవచ్చును. కొనువారు సాధారణముగ ఖరీదైన దానికి పోరు. పెద్దలకు ఇది చాలునని పదివేల రూపాయల చుట్టుప్రక్కల దొరకు దానితో తృప్తిపడుదురు. అందు తప్పేమియు లేదు. ధర తక్కువైన పలక పనికిమాలినదని నేననను. కాని ధర ఊరక తగ్గదు. చేయువాడు ఏదో యొక భాగమును తీసివేసి తగ్గించును. చౌక చెప్పులలో మంచి తోలుండదని మనకు తెలియును. చేత పట్టగానే బయటపడును. పలకలో తీసివేసిన భాగము అట్లు బయటపడదు. పైగా కొనినచోట దాని కొఱత కనబడనే కనబడదు. వాడెడి చోటికి పోయిన పిదపనే కనబడును. నేడు నేను చెప్పదలచినదంతయు ఈ యొక్క విషయమును గూర్చియే.

నా కాపురము సికిందరాబాదు ప్రక్కనున్న మల్కాజ్‌గిరిలో. అది పూర్వము వేఱు పురపాలక సంఘముగా నుండి 2007లో హైదరాబాదు మహానగరములో కలిసినది. రైలు పనివారును, ఉద్యోగము విరమించినవారును ఇచ్చట విస్తారముగ నివసింతురు. మా వీధిలో నాకు రెండిండ్ల అవతల నున్న పెద్దమనిషియు రైల్వే ఉద్యోగము చేసి విరమించినవారే. వారి అన్నగారు ఆలేరు దాపున ఒక పల్లెలో వ్యవసాయము చేసికొనుచు ఒంటరిగ నున్నారు. వయస్సు డెబ్బదినాలుగు. భార్య గతించినది. ఒక్కగానొక్క కుమారుడు ఆలుబిడ్డలతో బహ్రెయిన్ దేశమున నున్నాడు. శుక్రవారము అచ్చట సెలవు గనుక ఆ దినమున తండ్రితో మాటలాడును. అన్నగారి యొద్ద నున్నది మీటల ఫోను. అందు మాట వినబడును గాని ముఖము కనబడదు. కుమారుడు మూడేండ్లుగా రాలేదు. ఆ నడుమ పుట్టిన మనుమరాలిని ఆయన ఫొటోలో చూచుటయే గాని కదలగా, నవ్వగా చూచి యెఱుగరు.

తమ్ముడుగారు దసరాకు ముందు ఒక దుకాణమునకు పోయి పలక నడిగిరి. అంగడివాడు ఒకే పేరుగల రెండు పెట్టెలను ముందుంచెను. రెంటికిని ధరలో రెండువేల చిల్లర భేదము. వీరు తక్కువ దానిని చూపి, "దీనిలో ఇంటర్నెట్టు వచ్చునా?" అని అడిగిరి. "వచ్చును సారూ" అని అతడు అక్కడికక్కడ తెరచి చూపెను. వచ్చినది. ఇంటికి తెచ్చి బహ్రెయిన్‌కు వీడియో కాలు చేసిరి. పాప చక్కగ కనబడినది. పండుగనాడు పల్లెకు పోయి పలకను అన్నగారి చేతిలో పెట్టిరి. తెరమీద చిన్న చక్రమొకటి తిరుగుచునే యుండెను గాని బొమ్మ రాలేదు. సిమ్ము పెట్టి చూతమని పలక అంచులన్నియు తడిమిరి. సిమ్ముకు చోటే లేదు. అన్నగారు నొచ్చుకొనక, "తమ్మీ, ఇది మీ ఇంట్ల మంచిగ మాట్లాడింది, మా ఇంటికి రాంగనె మూగదైంది" అనిరట. తమ్ముడుగారికి ఆ మాటయే ములుకువలె నాటినది. తిరిగివచ్చి పలకను నాకు చూపి, అంగడివాడు మోసగించెనని వాపోయిరి.

నేను విచారించినంతవఱకు అంగడివాడు అబద్ధమాడలేదు. ఇంటర్నెట్టు వచ్చునా యన్న ప్రశ్నకు వచ్చుననుట సత్యమే. వీరడిగిన ప్రశ్నయు మనమెవ్వరమైనను అడుగునదే. ఆ ఒక్క మాటలో రెండు త్రోవ లిమిడియున్నవని అడిగినవారికి తెలియదు, చెప్పవలెనని అమ్మువానికి తోచలేదు. ఆ రెండు త్రోవలేవో కొంచెము వివరించెదను. రేడియో వినుట కలవాటుపడినవారికి ఇది చెప్పుట సులభము. ఈ ప్రసంగము మీ యింటికి చేరినదియు గాలిలోని తరంగములపైననే గదా.

పలక గాలిలోనుండి సందేశములను అందుకొనుటకు గల మొదటి త్రోవ వై-ఫై. ఇది అరుగుమీది మాట వంటిది. అరుగుమీద కూర్చున్నవారు చెప్పుకొను మాట ఆ యింటివారికిని, ప్రక్కయింటివారికిని వినబడును. వీధి చివరకు పోదు. పట్టణములలో తీగద్వారా ఇంటర్నెట్టు ఇంటిలోనికి వచ్చును. గోడకు తగిలించిన చిన్న పెట్టె యొకటి దానిని అందుకొని చుట్టును నూఱడుగుల మేర గాలిలో పంచిపెట్టును. పలక దానిని అందుకొనును. మల్కాజ్‌గిరిలో ఇట్టి పెట్టెలు వరుసగ ఎన్నో యిండ్ల నున్నవి. దుకాణములలో నుండనే యుండును. కావున అచ్చట ఏ పలకయైనను మాటలాడును. రెండవ త్రోవ సిమ్ము త్రోవ. ఇది దండోరా వంటిది. ఊరి వెలుపల నిలిచిన టవరు తన సందేశమును కొన్ని కిలోమీటర్ల మేర చాటుచుండును. పొలములో నున్నను, బండిలో పోవుచున్నను అది వినబడును. అయితే ఈ దండోరా ప్రతివానికిని కాదు. ఎవరు చందా కట్టిరో వారికే. ఆ చందాదారుని గుఱుతుచీటియే సిమ్ము. సిమ్ము ఉన్నంతమాత్రమున చాలదు; దండోరాను వినుటకు యంత్రములో వేఱుగ ఒక చెవి యుండవలెను. ఆ చెవి యనగా టవరుతో మాటలాడు చిప్పును, దానికి తగిన సన్నని లోహపు తీగలును.

అన్నగారి పల్లెలో వై-ఫై పెట్టె లేదు. టవరున్నది, ఆయన మీటల ఫోను దానితోడనే పనిచేయుచున్నది. పలక ఎదుటనే దండోరా పోవుచున్నను దానికి చెవి లేదు. దుకాణములోని రెండు పెట్టెలకు నడుమనున్న రెండువేల చిల్లర ఆ చెవి ఖరీదు.

చేయువారు ఆ చెవిని ఏల తీసివేయుదురు? ఒక్క చిప్పు ఖరీదు మాత్రమే యైనచో ధరలో ఇంత భేదముండదు. టవరుతో మాటలాడు విద్యను కనిపెట్టిన సంస్థలు పెక్కు గలవు. ఆ విద్యను వాడుకొను ప్రతి యంత్రమునకును వారికి కప్పము చెల్లింపవలెను. దేశదేశములలో టవర్లు వేఱువేఱు తరంగములపై మాటలాడును గనుక అన్నిటిని పరీక్షించి చూడవలెను. లోపల తీగలకు చోటు విడువవలెను. ఇంట వై-ఫై కలవారికి ఇదంతయు అనవసరపు వ్యయము. పట్టణవాసి పలకను సోఫాలో కూర్చుండియే చూచును. వెలుపలికి పోయినపుడు అతని చేతిలో ఫోను ఉండును. అట్టివానిని మనసున నుంచుకొని చేసిన వస్తువు ఇది. మన పల్లె పెద్దను మనసున నుంచుకొని చేసినది కాదు. నాకు దీనిలో చేయువారిపై కోపము లేదు గాని, పెట్టెపైన 'ఇది వై-ఫై గల యింటికి మాత్రమే' అని తెలుగులో నొక్క పంక్తి వ్రాసిన వారికేమి నష్టమో నాకు బోధపడదు.

కొనిన పిదప ఆ చెవిని చేర్చుటకు వీలులేదు. రేడియో మరమ్మతు చేయించినట్లు చేయింపవచ్చునని కొందఱు తలతురు. లోపలి పలకపై చిప్పులు ఒకదానికొకటి విడదీయరాక అతుకబడియుండును. చోటే లేనిచోట చేర్చుట యెట్లు?

తమ్ముడుగారి పలకలో మఱియొక కొఱతయు బయటపడినది. అన్నగారికి ఇరువది గుంటల చెలక యున్నది. దాని గట్టు విషయమున పొరుగు రైతుతో చిరకాలముగ తగవు. పలకను చేత పట్టుకొని గట్టువెంట నడిచినచో విస్తీర్ణము తెరమీద పడునని ఎవరో చెప్పగా విని, ఆయన దానికై కుమారుని పిలుపునకంటెను ఎక్కువగ ఎదురుచూచుచుండిరట. తీరా చూడగా ఈ పలకలో ఆ సౌకర్యమును లేదు. దానిని జీపీఎస్ అందురు. భూమికి ఇరువదివేల కిలోమీటర్లకు పైని ఎత్తున తిరుగు అమెరికావారి ఉపగ్రహములు ఎడతెగక సమయమును చాటుచుండును. ఆ సందేశము నేలకు చేరుటకు పట్టిన కాలమునుబట్టి ఒక్కొక్క ఉపగ్రహము ఎంత దూరమున నున్నదో లెక్కగట్టవచ్చును. ఇట్లు నాలుగు ఉపగ్రహములు అందినచో మనమున్న చోటు తేలును. దీనికి సిమ్ము అక్కఱలేదు, చందా అక్కఱలేదు. ఆకాశము కనబడిన చాలును. మన దేశమును 2013 జూలైలో మొదటి ఉపగ్రహమును పంపి 'నావిక్' అను పేర ఇట్టి యేర్పాటును తానుగ చేసికొనినది. అయితే ఆ సందేశమును వినుటకును పలకలో ఒక చెవి కావలెను. టవరును వినెడి చిప్పుతో దీనిని కలిపి చేయుట పలుచోట్ల పరిపాటి. అందుచేత సిమ్ము తీసివేసిన పలకలలో తఱచుగ ఇదియు పోవును. కొన్ని వై-ఫై పలకలలో ఉండును, కొన్నింట నుండదు. అడిగి తెలిసికొనవలసినదే.

ఇచ్చట ఒక వింత గలదు. ఆ పలకయే మల్కాజ్‌గిరిలో పటము తెరచినపుడు మా వీధిని ఇంచుమించు సరిగానే చూపినది. జీపీఎస్ లేనిదే యెట్లు చూపినదని తమ్ముడుగారు నన్ను నిలదీసిరి. పట్టణములో ఏ వై-ఫై పెట్టె ఏ వీధిలో నున్నదో పటములు చేయు సంస్థలు ముందే పట్టిక వ్రాసికొని యున్నవి. పలక తన చుట్టును వినబడు పెట్టెల పేర్లను ఆ పట్టికలో చూచి, తానెచ్చట నున్నదో ఊహించును. పల్లెలో పెట్టెలు లేవు. ఊహించుటకు ఆధారము లేదు. మరల అదే కథ: కొనినచోట కొఱతను ఊరే కప్పిపుచ్చినది.

గట్టు తగవు సంగతి యెత్తితిని గనుక ఒక మాట చెప్పక తప్పదు. జీపీఎస్ ఉన్న యంత్రముతో కొలిచినను గట్టు తగవు తీరదు. ఆరుబయట ఇట్టి యంత్రము చూపు చోటు అయిదు మీటర్ల వఱకు అటునిటు కావచ్చును. గుంటకు 121 చదరపు గజములు చొప్పున ఇరువది గుంటలు 2,420 చదరపు గజములు. నేల చతురస్రముగ నున్నదనుకొన్నచో ఒక్కొక్క వైపు ఇంచుమించు 49 గజములు. ఒక్క వైపున అయిదు మీటర్లు తప్పు పడెనా, రెండు గుంటలకు పైగా నేల ఇవతలికో అవతలికో పోవును. ఆ రెండు గుంటల కొఱకే గదా తగవు! ఎంత యున్నదో ఉరామరిగ తెలిసికొనుటకు అది పనికివచ్చును. హద్దురాయి పాతుటకు సర్వేయరు రావలసినదే.

చౌక పలక, లేని సిమ్ము అను ఈ కథ మన ప్రాంతమున నిది మొదటిసారి కాదు. 2011వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన నాటి కేంద్ర మానవవనరుల మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో 'ఆకాశ్' అను పలకను విద్యార్థుల కొఱకు విడుదల చేసిరి. డేటావిండ్ అను సంస్థ దానిని తయారుచేసినది, రాజస్థాన్‌లోని ఐ.ఐ.టి. ఆ కార్యమునకు పూనుకొన్నది. భాగముల కూర్పు జరిగినది మన హైదరాబాదులో. ప్రపంచములోనెల్ల చౌకయైన పలక యని పత్రికలు కొనియాడినవి. ప్రభుత్వమునకు ఒక్కొక్కటి రెండువేల రెండువందల రూపాయలకు కొంచెము పైగ పడినది. తెర ఏడంగుళములు. వ్రేలితో తాకిన చాలదు, నొక్కవలెను. ఏలయన ఒత్తిడిని గుర్తించు చౌకరకపు తెర అది. కెమెరా లేదు. సిమ్ము లేదు. వై-ఫై ఒక్కటియే త్రోవ. ఆనాడు మన పల్లెటూళ్ల కళాశాలలలో వై-ఫై అరుదు. పాఠములు ఇంటర్నెట్టులో నుండును, పలక విద్యార్థి చేతిలో నుండును, నడుమ వంతెన లేదు. ఆ సంవత్సరమే డిసెంబరులో దానిని 2,500 రూపాయలకు ప్రజలకును అమ్మజూపిరి. సిమ్ముకు చోటుగలిగి, వేగమును హెచ్చించిన మఱియొక రకమునకు 'యూబీస్లేట్' అని పేరు. దాని వెల 2,999. చూచితిరా, ఆనాడును పెట్టెలు రెండే, నడుమ భేదము 499 రూపాయలు.

2012 నవంబరు 11వ తేదీన నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ రెండవ ఆకాశ్‌ను విడుదల చేసిరి. వ్రేలు తాకినంతనే పనిచేయు తెర, ముందువైపు కెమెరా అందు చేరినవి. విద్యార్థికి సహాయధర 1,130 రూపాయలు. సిమ్ము మాత్రము చేరలేదు. 2015లో ఆ పథకము ముగిసినది. ఆకాశ్ విఫలమగుటకు ఆలస్యములు, తగవులు మొదలైన కారణములు పెక్కు గలవు. వాని జోలికి నేను పోను. కాని ఎవరు ఎచ్చట కూర్చుండి వాడుదురో ఆలోచింపక ధర నొక్కదానినే చూచి చేసిన వస్తువునకు అంతకంటె మంచి నిదర్శనము నాకు తెలియదు.

ఇది బీదదేశపు బీదపలకల కథ యని తలపరాదు. అమెరికాలో ఆపిల్ సంస్థవారి మొదటి 'ఐప్యాడ్' 2010 ఏప్రిల్ 3వ తేదీన బజారుకు వచ్చెను. వెల 499 డాలర్లు. చౌక యనుటకు వీలులేదు. దానికి కెమెరా లేదు, సిమ్ము లేదు, జీపీఎస్ లేదు. ఆ నెల చివర సిమ్ముతోడి రకము వచ్చెను. దానికి 130 డాలర్లు అదనము, దానిలో మాత్రమే జీపీఎస్. కెమెరా కావలసినవారు మఱుసటి యేడు వచ్చిన రెండవ ఐప్యాడ్ వఱకు వేచియుండవలసివచ్చెను. 2011 నవంబరులో అమెజాన్ సంస్థ 199 డాలర్లకు అమ్మిన 'కిండిల్ ఫైర్'లో మాటను అందుకొను మైకు గూడ లేదు. ఆ సంస్థ ఉద్దేశము జనులు దానిలో తన పుస్తకములు చదివి, తన సినిమాలు చూచుట. వినువానికి నోరేల యని కాబోలు!

మల్కాజ్‌గిరి పలక ఏమైనదో చెప్పెదను. తమ్ముడుగారు దానిని తిరిగి యిచ్చుటకు పోగా, చెడిపోయిన వస్తువునే పుచ్చుకొందుమని అంగడివాడు చెప్పెను. పలక చెడిపోలేదు గదా. అపుడు నేను చెప్పిన ఉపాయము ఇది. నేటి టచ్చు ఫోనులలో 'హాట్‌స్పాట్' అను నొక యేర్పాటు కలదు. ఫోను తన సిమ్ముద్వారా టవరునుండి తెచ్చుకొన్న ఇంటర్నెట్టును వై-ఫైగ మార్చి చుట్టును పంచును. అనగా దండోరాను విని వచ్చి అరుగుమీద చెప్పు మనిషివలె నుండును. తమ్ముడుగారి యింట అద్దము పగిలిన పాతఫోను ఒకటి పడియున్నది. దానిలో క్రొత్త సిమ్ము వేసి, హాట్‌స్పాట్ తెరచి, అన్నగారి నట్టింట గోడగూటిలో ఛార్జరుకు తగిలించి వచ్చిరి. మొదటి శుక్రవారము పలక మాటలాడినది. ఇపుడు ఆ ఫోను గూడు విడువదు; పలక ఆ గది దాటి పోదు. చెలకకు తీసికొనిపోవుటకు వీలులేదు. కరెంటు పోయినచో ఫోను బ్యాటరీ ఉన్నంతసేపే. హాట్‌స్పాట్ తెరచిన ఫోను వేడెక్కును, బ్యాటరీని త్వరగ త్రాగివేయును. నెలనెలయు రీఛార్జి తప్పదు. ఆ రీఛార్జిని మాత్రము నేను కొఱత ఖాతాలో వ్రాయను. పలకలోనే సిమ్మున్నను ఆ చందా కట్టవలసినదే. నికరమైన నష్టము స్వేచ్ఛ. ఆయన చేలో కూర్చుండి మనుమరాలికి వేరుసెనగ చేనును చూపవలెననుకొనిరి, అది నెరవేరలేదు.

అన్నగారి యింట పాతఫోను లేకపోయినచో మఱి రెండు త్రోవలుండెను. సిమ్మునే పెట్టుకొని వై-ఫైని పంచు అరచేయంత పెట్టెలు అంగళ్లలో దొరకును. పంచాయతీ వఱకు తీగ వచ్చిన ఊళ్లలో ఇంటికి కనెక్షను తీసికొనవచ్చును. ఒంటరి వృద్ధునకు ఈ రెండవది నేను సూచింపను. వారమున కొక్క గంట మాటకు నెలపొడవునను అద్దె కట్టుట దండుగ.

ఇక కొనబోవువారికి. అంగడివానిని "ఇంటర్నెట్టు వచ్చునా?" అని అడుగక, "సిమ్ము పట్టునా?" అని అడుగుడు. ఆపైన అతని మాటతో పనిలేకుండ చూచుకొను గుఱుతు ఒకటి కలదు. సిమ్ముతో టవరునకు మాటలాడు ప్రతి యంత్రమునకును ఐ.ఎం.ఇ.ఐ. అను పదునైదంకెల సంఖ్య యొకటి యుండును. అది పెట్టెపైన ముద్రింపబడియుండును. వై-ఫై మాత్రమే గల పలకకు ఆ సంఖ్య యుండదు. ఇంగ్లీషు రాకున్నను పదునైదంకెలు లెక్కపెట్టుట ఎవరికైనను సాధ్యమే. ఆ సంఖ్య ఉన్నదనగానే నిశ్చింత పడరాదు. కొన్ని పలకలలో సిమ్ము ఇంటర్నెట్టుకే పనిచేయును, మామూలు ఫోను పిలుపులు పోవు. ఎవరైనను వాడిన పాత పలకను చౌకగా ఇవ్వజూపినచో అది 4జీయా, 3జీయా యని విచారింపవలెను. 2016 సెప్టెంబరులో ఆరంభమైన జియో వలయము తొలుత 4జీ పైననే నడచినది. 3జీ పలకలో ఆ సిమ్ము పెట్టిన ఫలము శూన్యము. జీపీఎస్ కావలసినవారు దుకాణములో పరీక్షింపరాదు. పలకలో వై-ఫై ఆపి, వీధిలోనికి వచ్చి, ఆకాశము క్రింద నిలిచి, అయిదు నిమిషములు ఓపికపట్టి చూడవలెను. పల్లెలో బంధువు వాడవలసిన వస్తువైనచో దానిని పట్టణపు వై-ఫై నీడనుండి వెలుపలికి తెచ్చి చూచుట న్యాయము గదా! అంగడివాడు నవ్విన నవ్వనిండు.

చట్టము సంగతి కొందఱు నన్నడిగిరి. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైనుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము వస్తువులో లోపమనగా చట్టముచేత గాని, ఒప్పందముచేత గాని ఉండవలసిన నాణ్యతలో, పరిమాణములో, ప్రమాణములో కొఱత యుండుట. సిమ్ము ఉన్నదని పెట్టెపైన గాని, ప్రకటనలో గాని వ్రాసి, తీరా లేకపోయినచో మీ పక్షమున బలముండును. ఉన్నదని వారెన్నడును చెప్పని వస్తుభాగము లేకపోవుటను లోపమనుట కష్టము. తమ్ముడుగారి బిల్లును నేను భూతద్దముతో చూచితిని. పలక పేరు చివర చీమంత అక్షరములలో 'వై-ఫై' అని యుండనే యున్నది. కావున ఫిర్యాదు చేయవద్దంటిని. బిల్లే యియ్యకుండుటను, లోపముగల వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పనిచో ముప్పది దినములలోగా, వెనుకకు పుచ్చుకొని సొమ్ము చెల్లింపకుండుటను ఆ చట్టము అన్యాయపు వర్తకపద్ధతులుగ ఎంచినది. ఫిర్యాదును జిల్లా కమిషనులో వేయవచ్చును. దానికై కొనిన పట్టణమునకు పరుగెత్త నక్కఱలేదు, మీరు నివసించు జిల్లాలోనే చాలును. కారణము కలిగిన నాటినుండి రెండేండ్లు గడువు. అయిదు లక్షల రూపాయల లోపు వస్తువునకు రుసుము లేదు. ముందుగ సలహా కావలసినవారు 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. మీటల ఫోను చాలును, తెలుగులోనే మాటలాడవచ్చును.